పాత జీపుకు ఏ టైర్లు వేయాలి?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

పాత జీపులను కొని, బాగుచేయించి, రంగు వేయించి తిప్పుకొనేవారు మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కనిపిస్తున్నారు. సైన్యం వేలంలో వదిలించుకున్న మారుతి జిప్సీ బండ్లు, ఒకప్పుడు తాలూకా కచేరీల ముందు నిలబడిన మహీంద్రా జీపులు, ఏజెన్సీలో సర్వీసు తిరిగి తిరిగి అలిసిపోయిన కమాండర్ జీపులు మళ్లీ రోడ్డెక్కుతున్నాయి. సంతోషించవలసిన విషయమే. అయితే ఇంజిను మీద, గేరుబాక్సు మీద, చివరకు సీటు కవర్ల మీద పెట్టిన శ్రద్ధ చాలామంది చక్రాల మీద పెట్టడం లేదు. దుకాణంలో ఉన్నవాటిలో అన్నిటికన్నా పెద్దవీ, వెడల్పైనవీ, చూడగానే అదరగొట్టేవీ ఏరుకుని బిగించేసుకుంటున్నారు. ప్రభుత్వ వాహనాల షెడ్డులో ఉద్యోగ జీవితమంతా ఈ బండ్ల కిందే గడిపినవాడిగా నేను చెప్పదలచుకున్నది ఇదీ: పాత జీపుకు టైరు ఎంపిక ఇరుసు దగ్గర, రిమ్ము దగ్గర మొదలు కావాలి గానీ దుకాణంలో వేలాడే టైరు దగ్గర కాదు, కంపెనీ ఇచ్చిన కొలతకు ఎంత దగ్గరగా ఉంటే బండికి అంత మేలు.

రెండో ప్రపంచ యుద్ధ కాలపు విల్లీస్ జీపు 6.00-16 టైర్లతో వచ్చింది. అంటే టైరు వెడల్పు సుమారు 6 అంగుళాలు, రిమ్ము వ్యాసం 16 అంగుళాలు. ఆ రిమ్ము వెడల్పు 4.5 అంగుళాలే. 1940ల చివర్లో మహీంద్రా సంస్థ బొంబాయిలో విల్లీస్ జీపుల బిగింపు మొదలుపెట్టింది. ఆ తరువాత దశాబ్దాల పాటు మన దేశంలో తయారైన సీజే-3బీ జీపులకూ ఇదే 6.00-16 కొలత నడిచింది. ఇరుసుల బలం, హబ్బు బేరింగుల అమరిక, కింగ్ పిన్నుల (ముందు చక్రం పక్కలకు తిరగడానికి ఆధారమైన మేకుల) వాలు, స్టీరింగు బాక్సు, కమాన్ పట్టీల మందం, బ్రేకు డ్రమ్ముల పరిమాణం అన్నీ ఆ సన్నటి చక్రాన్ని దృష్టిలో పెట్టుకుని లెక్క కట్టినవే.

సన్నగా ఉంది కాబట్టి అది బలహీనమైనదని అనుకోవడం పొరపాటు. వానకు తడిసిన పొలం బాటలో సన్నటి టైరు పైనున్న మెత్తటి బురదను కోసుకుంటూ దిగి, కింద ఉన్న గట్టి నేలను పట్టుకుంటుంది. అదే బురద మీద వెడల్పాటి టైరు తేలుతూ, స్టీరింగు ఎటు తిప్పినా తనకు నచ్చిన వైపు జారిపోతుంది. ఇసుకలో లెక్క తిరగబడుతుంది. గోదావరి తిన్నెల వంటి చోట్ల వెడల్పు టైరుదే పైచేయి, సన్నటి టైరు గాలి తగ్గించుకుంటే తప్ప ముందుకు సాగదు. ఇక అడుగు దొరకని నల్లరేగడి సంగతంటారా, అక్కడ ఏ టైరూ చేయగలిగింది లేదు. వాన పడ్డ మర్నాడు బండిని ఇంటి దగ్గరే ఉంచుకోవడం ఉత్తమం.

ఇప్పుడు 31 అంగుళాల వ్యాసం, 10.5 అంగుళాల వెడల్పు ఉన్న టైర్ల మీద మోజు ఎక్కువగా ఉంది కనుక ఆ లెక్క చూద్దాం. పాత 6.00-16 టైరు వ్యాసం సుమారు 28.5 అంగుళాలు. 31 అంగుళాల టైరు వేస్తే ఇరుసు నేల నుంచి పైకి లేచేది రెండున్నర అంగుళాలు కాదు, అందులో సగమే, అంటే అంగుళం పావు. ఈ అంగుళం పావు కోసం చెల్లించే మూల్యం చూడండి. చక్రం ఒక్కసారి తిరిగితే బండి నడిచే దూరం ఎనిమిది తొమ్మిది శాతం పెరుగుతుంది కాబట్టి స్పీడోమీటరు 60 చూపుతున్నప్పుడు అసలు వేగం 65 దాకా ఉంటుంది. సీజే-3బీ ఇరుసుకు 5.38 గేరు నిష్పత్తి (షాఫ్టు 5.38 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు) ఇచ్చింది 70 హార్స్‌పవర్ పైచిలుకు ఇంజిను బరువు వేసుకుని ఎత్తెక్కడానికి. పెద్ద చక్రం ఆ సౌకర్యాన్ని కొంత మింగేస్తుంది. ఎత్తులో రెండో గేరుతో ఎక్కవలసిన చోట మొదటి గేరు, క్లచ్చు మాడిన వాసన. అన్నిటికన్నా ముఖ్యమైనది బ్రేకు. డ్రమ్ము పట్టే శక్తి మారదు, అది ఆపవలసిన చక్రం మాత్రం పెద్దదీ బరువైనదీ అవుతుంది. యుద్ధకాలపు జీపుకు నాలుగు చక్రాలకూ ఉన్నవి 9 అంగుళాల డ్రమ్ములు. వాటితో ఘాట్ రోడ్డు దిగుతూ 31 అంగుళాల చక్రాన్ని ఆపడమంటే నాకైతే ధైర్యం చాలదు.

వెడల్పు టైరు బిగించాలంటే వెడల్పు రిమ్ము కావాలి. 235/75 ఆర్ 15 టైరుకు (వెడల్పు 235 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 75 శాతం, రిమ్ము 15 అంగుళాలు; ఆర్ అంటే రేడియల్, లోపలి దారాలు అంచు నుంచి అంచుకు అడ్డంగా సాగే రకం) 6 నుంచి 8 అంగుళాల వెడల్పున్న రిమ్ము ఉండాలని తయారీదారులు చెబుతారు. ఇరుకు రిమ్ము మీద దాన్ని బలవంతాన ఎక్కిస్తే నడిమి భాగం ఉబ్బి అక్కడే అరుగుతుంది, మలుపుల్లో టైరు పక్కగోడ అటూ ఇటూ ఊగుతుంది. వెడల్పు రిమ్ములు తెచ్చుకునేవారు కూడా సాధారణంగా చక్రం బయటికి పొడుచుకు వచ్చే రకాన్నే ఇష్టపడతారు, చూపుకు బండి కాళ్లు చాపి నిలబడినట్టుంటుందని. చక్రం మధ్యరేఖ హబ్బు నుంచి బయటికి జరిగినకొద్దీ బరువు బయటి బేరింగు మీద పడుతుంది. ఒక్కో గుంత దెబ్బా కింగ్ పిన్నుకు, అక్కడి నుంచి ముందు చక్రాలను కలిపే టై రాడ్డుకు, చివరికి డ్రైవరు చేతులకు చేరుతుంది. పవర్ స్టీరింగు లేని బండిలో నిలిచిన చోట స్టీరింగు తిప్పడమే గగనం. ఫెండరు దాటిన టైరు చిమ్మే రాయీ బురదా వెనుక వచ్చే ద్విచక్ర వాహనదారుడి ముఖాన పడతాయన్నది వేరే సంగతి.

నాలుగు చక్రాల డ్రైవు ఉన్న పాత బండ్లకు ప్రత్యేకంగా ఒక నియమం ఉంది, దాన్ని పాటించేవారు అరుదు. ఈ బండ్లలో ముందు ఇరుసుకూ వెనుక ఇరుసుకూ మధ్య డిఫరెన్షియల్ (రెండింటినీ వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) ఉండదు. ఫోర్‌వీల్ వేయగానే రెండు ఇరుసులూ ఒకే వేగంతో తిరిగి తీరాలి. ముందు రెండు టైర్లు అరిగి గ్రిప్పు లోతు 2 మిల్లీమీటర్లకు దిగి, వెనుక కొత్తవి 8 మిల్లీమీటర్లతో ఉన్నాయనుకుందాం. వ్యాసార్ధంలో తేడా 6 మిల్లీమీటర్లే. కానీ చక్రం చుట్టుకొలతలో అది దాదాపు 38 మిల్లీమీటర్లవుతుంది. కిలోమీటరుకు చక్రం 440 సార్లు తిరుగుతుంది కనుక, లెక్కకు ఒక్క కిలోమీటరులోనే ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ 16 మీటర్లకు పైగా తేడా వస్తుంది. మట్టిలో ఆ తేడా చక్రాలు జారి సరిపెట్టుకుంటాయి. తారు రోడ్డు మీద జారడానికి వీలుండదు. ఆ మెలి అంతా ట్రాన్స్‌ఫర్ కేసులో (ఇంజిను శక్తిని రెండు ఇరుసులకూ పంచే గేరుపెట్టెలో), ప్రొపెల్లర్ షాఫ్టు క్రాసుల్లో పేరుకుంటుంది. ఫోర్‌వీల్ లివరు మళ్లీ వెనక్కి రాకుండా బిగుసుకుపోయిందని షెడ్డుకు తెచ్చిన జీపుల్లో చాలావాటికి జబ్బు గేరుల్లో లేదు, టైర్లలో ఉండేది. అందువల్ల నాలుగూ ఒకే కంపెనీవి, ఒకే కొలతవి, ఒకే రకం గ్రిప్పువి వేయాలి. వీలైతే స్టెప్నీని కూడా కలిపి ఐదింటినీ వంతుల వారీగా మారుస్తూ పోవాలి. స్టెప్నీ వేరే కొలతదైతే, అది ఎక్కి ఉన్నంతసేపు గట్టి నేల మీద ఫోర్‌వీల్ జోలికి పోకూడదు.

సన్నటి టైరు మేలు అన్నాను కదా అని కొందరు వేసే మరో తప్పటడుగును ఇక్కడే ప్రస్తావించాలి. మన ఊళ్లలో ట్రాక్టరు ముందు చక్రానికి వేసే టైరు కొలత కూడా 6.00-16 కావడం జీపు యజమానులకు వచ్చిన చిక్కు. ఏ మండల కేంద్రంలోనైనా సులువుగా దొరుకుతుంది, రిమ్ము మీద చక్కగా కూర్చుంటుంది, చాలాకాలం మన్నుతుంది. కానీ అది జీపు టైరు కాదు. దాని పక్కగోడ మీద చూస్తే ఏ6 లేదా ఏ8 అన్న గుర్తు ఉంటుంది. ఏ6 అంటే గంటకు 30 కిలోమీటర్లు, ఏ8 అంటే 40 కిలోమీటర్ల వేగం వరకే దానికి భరోసా. నిలువుగా సాగే మూడు పట్టీల గ్రిప్పు దున్నిన చేలో ట్రాక్టరు ముందు చక్రం నిటారుగా పోవడానికి ఉద్దేశించినది; బండిని లాగడానికీ, తడి రోడ్డు మీద ఆపడానికీ ఆ పట్టీలు పనికిరావు. అటువంటి టైర్ల మీద జాతీయ రహదారిపై 70 వేగంతో పోయే జీపును చూసినప్పుడల్లా గుండె ఝల్లుమంటుంది. నంబరు కలిసింది గదా అని బిగించి పంపే దుకాణదారులు కొనేవాడిని ఒక్క ప్రశ్న అడిగితే చాలు: ఇది ట్రాక్టరుకా, జీపుకా?

టైరు దొరికాక దాన్ని ఎక్కించే పని ఇంకొకటుంది, అక్కడా పాత బండి పద్ధతులు వేరు. రహదారి పక్కనున్న ఒక టైర్ల దుకాణంలో ఈమధ్య నా కళ్లముందే జరిగింది. పాత జీపు ఎడమ ముందు చక్రం విప్పడానికి కుర్రవాడు గాలి గన్ను పెట్టి నొక్కాడు. నట్టు కదలలేదు. ఒత్తిడి పెంచి మళ్లీ నొక్కాడు. టక్కున స్టడ్డు విరిగి నట్టుతో సహా బయటికి వచ్చింది. రెండోదీ అలాగే పోయింది. మూడోదాని మీద మసి తుడిచి చూపిస్తే, స్టడ్డు మొన మీద చిన్నగా కొట్టిన ఆంగ్లాక్షరం బయటపడింది, ఎడమ అని చెప్పేది. పాత జీపుల్లో చాలావాటికి ఎడమ వైపు చక్రాల మరలు ఎదురు మరలు. మామూలుగా విప్పే వైపు తిప్పితే అవి ఇంకా బిగుసుకుంటాయి. తెలియకపోవడం ఆ కుర్రవాడి తప్పు కాదు, అతను పుట్టేనాటికే ఆ బండ్లు పాతబడ్డాయి. గన్ను పక్కన పెట్టి, చేతి పానాతో ఒక పావు చుట్టు అటూ ఇటూ తిప్పి చూస్తే తెలిసిపోయేది. బిగించేటప్పుడు కూడా చివరి బిగింపు చేతి పానాతోనే చేయాలి, వంద కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి సరిచూసుకోవాలి.

ఇంతకన్నా ప్రమాదకరమైనవి సైన్యం బండ్లతో వచ్చే రెండు ముక్కల రిమ్ములు. వీటికి లోపలి వరుస నట్లు చక్రాన్ని హబ్బుకు పట్టి ఉంచుతాయి. బయటి వరుస నట్లు రిమ్ము రెండు ముక్కలనూ కలిపి ఉంచుతాయి. చక్రం విప్పబోయి టైరులో గాలి ఉండగా బయటి వరుస విప్పితే రిమ్ము బాంబులా పేలి ఎదురుగా ఉన్న మనిషి ప్రాణం తీస్తుంది. వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం దించకుండా ఆ నట్ల మీద పానా పెట్టనివ్వకండి.

ట్యూబు విషయంలోనూ కొంత అయోమయం ఉంది. ట్యూబ్‌లెస్ టైరుకు రిమ్ము లోపల, టైరు అంచు జారిపోకుండా ఆపే చిన్న గట్టు ఉండాలి. పాత జీపు రిమ్ములకు ఆ గట్టు ఉండదు, కొన్ని రివెట్లతో అతికినవి కాబట్టి గాలి నిలవదు. వాటికి ట్యూబు తప్పనిసరి, రేడియల్ టైరైతే రేడియల్‌కు పనికివచ్చే ట్యూబే వేయాలి. ఇసుకలో నడపడానికి గాలి తగ్గించేవారు ట్యూబున్న చక్రాల్లో మరీ దించకూడదు. రిమ్ము లోపల టైరు జారి ట్యూబును తనతో లాక్కుపోతుంది, వాల్వు మెడ తెగుతుంది. తారు రోడ్డెక్కే ముందు మళ్లీ గాలి నింపుకోవాలి.

కొనేముందు టైరు వయసు చూడటం మరవకూడదు. పక్కగోడ మీద ఉన్న కోడు చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండు వారాన్ని, తరువాతి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2317 అని ఉంటే 2017వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. వేలం సరుకులో గ్రిప్పు చెక్కుచెదరని మిలిటరీ టైర్లు చవగ్గా దొరుకుతాయి. పక్కగోడను వంచి చూడండి, సన్నటి పగుళ్లు నెర్రెలు బారినట్టు కనిపిస్తాయి. రబ్బరు తిరక్కపోయినా ముసలిదవుతుంది. ఆ మిలిటరీ టైర్లకుండే దిమ్మల గ్రిప్పు ముందుకూ వెనక్కూ ఒకేలా పట్టు ఇస్తుందన్న మాట నిజమే, పాత జీపుకు అందమూ తెస్తుంది. తడిసిన తారు రోడ్డు మీద మాత్రం దాన్ని నమ్మి వేగం పెంచకూడదు.

మరి ఏది వేయాలి? పండగలకూ ప్రదర్శనలకూ తీసే పాత విల్లీసుకు, సీజే-3బీకి అసలు కొలత 6.00-16 జీపు టైరే, అసలు ఇరుకు రిమ్మే. ఎక్కువగా తారు రోడ్డు మీద, నెలకు ఒకటి రెండుసార్లు కొండబాటలో తిరిగే జీపుకైతే నా ఎంపిక 15 అంగుళాల ఉక్కు రిమ్ము మీద 215/75 ఆర్ 15 రేడియల్. బొలేరోకు వచ్చే కొలత కనుక ఎక్కడైనా దొరుకుతుంది, వ్యాసం 27.7 అంగుళాలు, పాతదానికి దగ్గరే. బ్రేకు మీద, స్టీరింగు మీద అదనపు భారం పడదు. రిమ్ము మార్చేటప్పుడు 5 నట్లు కూర్చునే వృత్తం వ్యాసం 139.7 మిల్లీమీటర్లు ఉందా, మధ్య రంధ్రం ముందు హబ్బుకు పడుతుందా, నట్టు కూర్చునే గుంత వాలు కలిసిందా అన్నవి బండి దగ్గరే, చేత్తో తొడిగి చూసుకోవాలి. జిప్సీకైతే కంపెనీ తరువాతి రకాలకు ఇచ్చిన 205/70 ఆర్ 15 మించి పోనక్కరలేదు. ఉక్కు రిమ్మునే ఎందుకు సమర్థిస్తున్నానంటే, రాతి దెబ్బకు అది వంగుతుంది, ఊళ్లో సుత్తితో సరిచేయించుకుని ఇంటికి రావచ్చు. అల్లాయ్ రిమ్ము పగిలితే అడవిలో అంతే సంగతులు.

చివరిగా చట్టం మాట. టైరు గ్రిప్పు లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గిన కారు, జీపు రోడ్డు మీదికి రాకూడదని కేంద్ర మోటారు వాహనాల నియమాలు చెబుతున్నాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణ అనుమతి లేని మార్పు ఒక్కోదానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చునంటోంది. 2021లో తెచ్చిన వింటేజ్ నియమాలు 50 ఏళ్లు దాటి, మూలరూపంలో ఉండి, ఛాసిస్, బాడీ, ఇంజినులో పెద్ద మార్పులు లేని వాహనాలకు ప్రత్యేక రిజిస్ట్రేషన్ కల్పించాయి. ఇవన్నీ అవసరమే. అయితే 40 ఏళ్ల నాటి జీపుకు అసలు టైరు దుకాణాల్లో సులువుగా దొరకనప్పుడు, యజమాని ఏ కొలత వేస్తే తనిఖీ అధికారి అంగీకరిస్తారో చెప్పే కాగితం నాకు ఏ కార్యాలయంలోనూ కనిపించలేదు. ఫలితంగా బుద్ధిగా 215/75 వేసుకున్నవాడూ, 31 అంగుళాలు వేసి ఫెండర్లు కోసినవాడూ ఒకే గాటన పడుతున్నారు. కొన్నిచోట్ల ఇద్దరూ తప్పించుకుంటున్నారు కూడా.

రెండు రాష్ట్రాల రవాణా శాఖలూ వాహన తయారీదారులను, టైరు కంపెనీలను సంప్రదించి, తయారీ ఆగిపోయిన జీపులు, జిప్సీలు, కమాండర్ల వంటి బండ్లకు అసలు కొలతకు ప్రత్యామ్నాయంగా అనుమతించదగిన టైరు, రిమ్ము కొలతల పట్టిక ఒకటి తెలుగులో విడుదల చేయాలని, వ్యాసంలో ఎంత శాతం తేడా వరకు సమ్మతమో, చక్రం ఫెండరు దాటవచ్చో లేదో అందులో స్పష్టంగా రాయాలని, ఆ పట్టికను ఫిట్‌నెస్ కేంద్రాల్లోనూ టైర్ల దుకాణాల్లోనూ అందరికీ కనిపించేలా అతికించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అందులోని మొదటి వరుసలోనే, ట్రాక్టరు ముందు టైరును జీపుకు బిగించరాదని పెద్ద అక్షరాల్లో ఉండాలి.

ఇట్లు,
విశ్రాంత వాహనాల షెడ్డు ఫోర్‌మన్,
విజయనగరం.